'ఫ్లాగింగ్ ఎ డెడ్ హార్స్' అని కంపెనీకి రాసే లెటర్‌లో పెట్టొచ్చా?

పెన్నా_గట్టు
మా అపార్ట్‌మెంటు సంఘం తరఫున లిఫ్టు మెయింటెనెన్స్ చూసే కంపెనీకి ఇంగ్లీషులో మెయిల్ రాయాలి. వాళ్ళ ఆఫీసు చెన్నైలో, తెలుగులో రాస్తే చదివే దిక్కు లేదు. ముందు పంపిన మూడు మెయిళ్ళకి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఈసారి మొదటి వాక్యం ఇట్టా పెట్టాం: "రైటింగ్ టు యు హేజ్ బికమ్ లైక్ ఫ్లాగింగ్ ఎ డెడ్ హార్స్." అంటే మీకు రాయడం చచ్చిన గుర్రాన్ని కొరడాతో కొట్టినట్టుంది అని. కమిటీలో ఒకాయన అదిరింది అంటాడు. ఇంకొకాయన, అవతలోళ్ళని చచ్చిన గుర్రం అన్నట్టుంది, తిట్టినట్టవుద్ది అంటాడు. ఎవరిది రైటు? కాదంటే "ఆల్ అవర్ ఎఫర్ట్స్ వెంట్ ఇన్ వెయిన్" అని పెట్టమంటారా?

డీఎస్సీ_బిట్టు
ఫలితం రాని పని మీద శ్రమ వృథా చేయడం. బిట్‌లో ఇదే ఆన్సర్. పెట్టేయండి.

ఒంగోలు_గిత్త
మన జిల్లాల్లో గుర్రాలెక్కడివి? చచ్చిన గిత్త మీద చర్నాకోల అని రాయండి, చెన్నై వాళ్ళకి కూడా కొత్తగా ఉంటుంది.

కావలి_మాస్టారు
కమిటీలో ఇద్దరిదీ తప్పే. ఇందులో గుర్రం మనిషి కాదు, విషయం. ముగిసిపోయి, ఇక ఎవరూ పట్టించుకోని సంగతిని పట్టుకుని ఇంకా లాగేవాణ్ణి ఉద్దేశించి అనే మాట ఇది. అందుకని కంపెనీని తిట్టినట్టు కాదు, మిమ్మల్ని మీరే తిట్టుకున్నట్టు. "మా లిఫ్టు గొడవ ఎప్పుడో చచ్చిపోయింది, మేమే తెలివితక్కువగా ఇంకా అడుగుతున్నాం" అని మొదటి వాక్యంలోనే ఒప్పేసుకున్నారు. పని ఎగ్గొట్టేవాడికి ఇంకేం కావాలి?

వృథా ప్రయత్నానికి ఇంగ్లీషులో మాటలు బోలెడు. బిట్ల పుస్తకాలు వాటన్నిటినీ ఒకే గాట కట్టేస్తాయి. కానీ ఒక్కో దాంట్లో తప్పు ఒక్కొక్కరి మీద పడుతుంది. డెడ్ హార్స్‌లో తప్పు కొట్టేవాడిది. "బ్యాంగింగ్ అవర్ హెడ్స్ అగైన్‌స్ట్ ఎ బ్రిక్ వాల్" అంటే తప్పు గోడది, అంటే ఎంత చెప్పినా వినని వాడిది. "వైల్డ్ గూస్ చేజ్" అంటే లేనిదాని కోసం తిప్పినవాడిది. "ఇన్ వెయిన్", "టు నో అవెయిల్" అంటే ఎవరినీ వేలెత్తి చూపడం లేదు, ఫలితం రాలేదని మాత్రమే. పెన్నా_గట్టు గారికి కావాల్సింది గోడ.

పెన్నా_గట్టు
మా కొంప మునిగేది. అయితే గోడ పెట్టేస్తా.

కోర్టు_సెంటర్
గోడా వద్దు, గుర్రమూ వద్దు. కంపెనీకి రాసే లెటర్‌లో కోపం చూపించే జాతీయం ఏది పెట్టినా చదివేవాడు దానికే జవాబిస్తాడు, అసలు పనికి కాదు. రేపు ఈ కాగితమే ఫిర్యాదుకి జత చేయాల్సి వస్తే, "డెడ్ హార్స్ అని వాళ్ళే రాశారు, అంటే ఆశ వదిలేసుకున్నారు" అని అవతలి వకీలు చదివి వినిపిస్తాడు. "అవర్ త్రీ ఈమెయిల్స్ రిమెయిన్ అనాన్సర్డ్" అని రాసి మూడు తేదీలూ పక్కన వేయండి. అంతకంటే గట్టి మాట ఇంగ్లీషులో లేదు.

రొయ్యల_చెరువు
మాస్టారు చెప్పిన లెక్క మన సామెతలకీ కుదురుద్ది. 'బూడిదలో పోసిన పన్నీరు'లో పన్నీరు మంచిదే, పోసిన చోటు పనికిరానిది. 'చెవిటివాడి ముందు శంఖం' అంటే ఊదేవాడి లోపం లేదు. 'ఇసుక పిండి నూనె తీయడం' మొదలెట్టినవాడిదే బుద్ధి తక్కువ. 'ఏట్లో పిసికిన చింతపండు'లో చేసిన పని చేసినట్టే కొట్టుకుపోయింది, ఎవుర్నీ అనేదానికి లేదు.

అందుకే డెడ్ హార్స్‌ని బూడిదలో పన్నీరు అని చెప్పే కోచింగుల మాట నమ్మబాకండి. పన్నీరు ఒకసారి పోసి వదిలేసింది. గుర్రాన్ని ఆపకుండా కొడుతుండాడు.

డీఎస్సీ_బిట్టు
'అడవి గాచిన వెన్నెల' వదిలేశారే?

రొయ్యల_చెరువు
దాంట్లో ప్రయత్నమే లేదు కదబ్బా. అందం ఉంది, చూసేవాడు లేడు. వెన్నెల చెమటోడ్చిందా ఏంది?

డెస్క్_రాత్రి
గ్రామర్ సంగతి ఎవరూ ఎత్తలేదు, తప్పులన్నీ అక్కడే.

'ఫ్లాగ్' స్పెల్లింగులో ఎల్ తర్వాత 'ఓ' రావాలి. 'ఏ' పెడితే జెండా. తెలుగులో రెండూ ఒకేలా రాస్తాం కాబట్టి టైపు చేసేటప్పుడు చెయ్యి 'ఏ' మీదికే పోతుంది, స్పెల్ చెకర్ కూడా పట్టుకోదు, ఎందుకంటే అదీ ఇంగ్లీషు మాటే.

గుర్రం ముందు 'ఎ' ఉండాలి. 'ది డెడ్ హార్స్' అంటే నిజంగానే ఏదో గుర్రం చచ్చి పడి ఉందేమో అనిపిస్తుంది. గుర్రాలు అని బహువచనం చేయకూడదు. కర్త ఎప్పుడూ మనిషే. "ఎ డెడ్ హార్స్ ఈజ్ బీయింగ్ ఫ్లాగ్డ్ బై అజ్" అని కర్మణిలోకి తిప్పితే జాతీయం పోయి జంతు హింస మిగులుతుంది. ఎక్కువగా 'ఇంగ్' రూపంలోనే వస్తుంది: "యు ఆర్ ఫ్లాగింగ్ ఎ డెడ్ హార్స్", "దేర్ ఈజ్ నో పాయింట్ ఫ్లాగింగ్ ఎ డెడ్ హార్స్". "హీ ఫ్లాగ్డ్ ఎ డెడ్ హార్స్ ఎస్టర్‌డే" అని నిన్నటి ఒక్క సంఘటనగా చెప్తే చెవికి పొసగదు, ఆగకుండా చేస్తూ పోవడమే అందులో ఉన్న కిటుకు.

అమెరికా వాళ్ళు ఫ్లాగ్ బదులు 'బీట్' అంటారు. అర్థం ఒకటే. బ్రిటన్‌లో వాడుక భాషలో ఫ్లాగ్ అంటే అమ్మేయడం అని కూడా ఉంది, ఉత్త ఫ్లాగ్ కనపడితే చుట్టూ ఏముందో చూసుకోవాలి.

ఒంగోలు_గిత్త
చచ్చిన గుర్రాన్ని అమ్మేవాడు అయితే వాడు మహా ఘనుడు.

మైపాడు_అల
నావికుల మాట నుంచి వచ్చింది కదా ఇది? ఓడ ఎక్కేటప్పుడు నెల జీతం అడ్వాన్సు ఇచ్చేవాళ్ళు. మొదటి నెలంతా పని చేసినా చేతికి పైసా రాదు, ఆ నెల పనిని డెడ్ హార్స్ అనేవాళ్ళు. నెల తీరాక గడ్డి కూరిన గుర్రం బొమ్మని సముద్రంలో పడేసే వేడుక కూడా ఉండేది.

కావలి_మాస్టారు
ఆ వేడుక నిజమే. కానీ అది 'వర్కింగ్ ఆఫ్ ఎ డెడ్ హార్స్', తినేసిన డబ్బుకి చాకిరీ చేయడం. అక్కడ పని జరుగుతుంది, అప్పు కూడా తీరుతుంది. కొరడా గుర్రంలో ఏదీ తీరదు. రెండిట్నీ కలిపేసి పుట్టుక చెప్పకండి, అర్థాలు దూరం.

పులికాట్_కొంగ
వైల్డ్ గూస్ చేజ్ గురించి రొంత. ఇది క్రియ కాదు, నామవాచకం. 'ఐ వైల్డ్ గూస్ చేజ్డ్' అని రాయకూడదు. దాని ముందు వచ్చే క్రియలు మూడు నాలుగే: పంపితే 'సెంట్ అజ్ ఆన్ ఎ వైల్డ్ గూస్ చేజ్', పోతే 'వెంట్ ఆన్', తేలితే 'టర్న్డ్ అవుట్ టు బి'. 'ఆన్' మింగేస్తే వాక్యం కుంటుద్ది.

ఎక్కడ సరిపోద్దంటే: సర్టిఫికెట్ కోసం పోతే మూడో కౌంటరు అన్నాడు, మూడో కౌంటరు వాడు పక్క బిల్డింగ్ అన్నాడు, అక్కడ తాళం. వెతికేది అక్కడ లేనే లేదు, ఉందని ఎవరో తిప్పారు. అదీ వైల్డ్ గూస్ చేజ్. పెన్నా_గట్టు గారి కంపెనీ ఎక్కడికీ తిప్పలేదు, అసలు పలకనే లేదు. కాబట్టి ఇక్కడ అతకదు.

షేక్‌స్పియర్ నాటికే వాడుకలో ఉంది. అప్పట్లో అది ఒక రకం గుర్రప్పందెం: ముందువాడు ఇష్టమొచ్చినట్టు మలుపులు తిరుగుతుంటే వెనకవాళ్ళు బాతుల బారులాగా దూరం పాటిస్తూ అదే దారిలో పోవాలి. నేలపట్టు మీదుగా వలస పక్షుల బార్లు పోతుంటే చూసినవాళ్ళకి ఈ బొమ్మ వెంటనే అర్థమవుద్ది.

ఒంగోలు_గిత్త
అంటే బాతు కూడా గుర్రమేనా! ఇంగ్లీషోడికి గుర్రం తప్ప ఇంకేం కనపళ్ళేదా?

మైపాడు_అల
నా సలహా వేరే. ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు రావాలి.

కోర్టు_సెంటర్
ప్రైవేటు కంపెనీకి ఆర్టీఐ పెట్టలేరు. 2005 చట్టం ప్రభుత్వ యంత్రాంగానికి, ప్రభుత్వ నిధులు గణనీయంగా అందే సంస్థలకి. దీన్ని ఇంగ్లీషులో 'బార్కింగ్ అప్ ది రాంగ్ ట్రీ' అంటారు, మాస్టారి జాబితాలో చేర్చుకోండి. ప్రయత్నం సరైనదే, చెట్టే తప్పు. వేటకుక్క జంతువు ఎక్కని చెట్టు కింద నిలబడి మొరగడం.

సరైన చెట్టు వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక కంపెనీ ఎక్కడున్నా ఫిర్యాదుదారు ఉండే చోటే వేయొచ్చు, చెన్నై పోనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపుంటే జిల్లా కమిషన్, 5 లక్షల లోపుంటే ఫిర్యాదు ఫీజు కూడా లేదు. సమస్య తలెత్తిన రోజు నుంచి 2 ఏళ్ళలో వేయాలి. దానికి ముందు 1915 హెల్ప్‌లైన్‌కి చెప్పి నంబరు తీసుకోండి, చాలా కంపెనీలు ఆ దశలోనే పలుకుతాయి.

లెటర్‌లో ఉండాల్సినవి: ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) నంబరు, అది ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, కట్టిన మొత్తం, లిఫ్టు ఆగిన తేదీలు, ప్రతి ఫిర్యాదుకీ వాళ్ళిచ్చిన టికెట్ నంబరు, ఒప్పందంలో ఎన్ని గంటల్లో మనిషిని పంపాలని ఉందో ఆ క్లాజు. చివర్లో గడువు. 'యాజ్ సూన్ యాజ్ పాజిబుల్' అని రాస్తే గడువు లేనట్టే లెక్క. తేదీ వేసి, ఆ లోపు రాకపోతే ఏం చేస్తారో ఒక్క వాక్యం. మెయిల్‌తో పాటు కాగితం మీద స్పీడ్ పోస్టులో కూడా పంపి, అందినట్టు రుజువు దాచుకోండి.

పెన్నా_గట్టు
ఇంత చేయాలని తెలీదు. మా దాంట్లో సామెత తప్ప ఇందులో ఒక్కటీ లేదు.

డీఎస్సీ_బిట్టు
మరి 'వెంట్ ఇన్ వెయిన్' సంగతి? ఆయన రెండోది కూడా అడిగారుగా.

కావలి_మాస్టారు
అది మన ఇంగ్లీషు. 'వృథాగా పోయాయి' అనేది మనసులో ఉంటుంది, 'పోయాయి' కాస్తా 'వెంట్' అవుతుంది. 'ఇన్ వెయిన్' ముందు బ్రిటిష్ వాడుకలో వచ్చేది 'వర్': "అవర్ ఎఫర్ట్స్ వర్ ఇన్ వెయిన్". లేదా క్రియ పక్కన: "వి ట్రైడ్ ఇన్ వెయిన్ టు రీచ్ యు". వెంట్ లాంటి క్రియే కావాలంటే 'కేమ్ టు నథింగ్' వాడుకోవచ్చు, అక్కడ కదలిక సహజం.

డెస్క్_రాత్రి
ఇక్కడ మాస్టారితో ఒప్పుకోను. క్రికెట్ మ్యాచ్ ఓడితే 'సెంచరీ వెంట్ ఇన్ వెయిన్' అని మన దేశంలో ప్రతి ఇంగ్లీషు పత్రికా రాస్తుంది. కోట్ల మంది చదివి అర్థం చేసుకునేదాన్ని తప్పు అనడానికి లండన్ పర్మిషన్ ఎందుకు? చెన్నైలో చదివేవాడికీ అదే అలవాటు.

కావలి_మాస్టారు
అర్థం కాదని అనలేదు. లెటర్ చెన్నైకి పోతే చెల్లుతుంది, మాంచెస్టర్‌కి పోతే కనుబొమ ఎగరేస్తారు. క్లాసులో పిల్లలకి మాత్రం 'వర్' అనే చెప్తాను.

డెస్క్_రాత్రి
మాంచెస్టర్ వాడు మన లిఫ్టు బాగు చేయడు లెండి.

పులికాట్_కొంగ
ఏది రాసినా స్పెల్లింగు చూసుకోండబ్బా. వి-ఏ-ఐ-ఎన్. వి-ఈ-ఐ-ఎన్ అయితే రక్తనాళం, అప్పుడు మీ ప్రయత్నాలు సెలైన్ బాటిల్ ఎక్కినట్టు. వి-ఏ-ఎన్-ఈ గాలి ఎటు వీస్తుందో చూపించే కోడిపుంజు బొమ్మ.

'టు నో అవెయిల్' వాక్యం చివరే బాగుంటుంది, ముందు కామా, ఒక 'బట్': "వి కాల్డ్ సెవరల్ టైమ్స్, బట్ టు నో అవెయిల్." దీన్నీ 'అవెయిల్ ది ఫెసిలిటీ'లో ఉండే క్రియనీ కలపొద్దు, ఇక్కడ అది నామవాచకం.

చీమకుర్తి_రాయి
'క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాజిల్' ఎవరూ చెప్పలేదు. న్యూకాజిల్ ఉత్తర ఇంగ్లండులో టైన్ నది మీద ఊరు, శతాబ్దాలపాటు అక్కణ్ణుంచే లండన్‌కి బొగ్గు పోయేది. అక్కడికే బొగ్గు మోసుకుపోవడం. మన లెక్కలో చీమకుర్తికి గెలాక్సీ గ్రానైటు లారీలో పంపినట్టు.

రొయ్యల_చెరువు
నెల్లూరికి మొలగొలుకులు పంపినట్టు.

చీమకుర్తి_రాయి
అదే. కానీ గమనించండి, ఇక్కడ పని విఫలం కాలేదు. బొగ్గు చేరింది, అక్కడ దాని అవసరం లేదంతే. లెటర్లకి జవాబు రాకపోతే ఇది వాడకూడదు. తెలిసినవాడికే పాఠం చెప్పేటప్పుడు సరిపోతుంది. మన దగ్గర 'తాతకు దగ్గులు నేర్పడం' అంటారే, దానికి దగ్గర.

డీఎస్సీ_బిట్టు
'ఎ డ్రాప్ ఇన్ ది ఓషన్' కూడా ఇదే గ్రూపా?

చీమకుర్తి_రాయి
కాదు. అది కొలత. చేసింది నిజంగానే చేరింది, అవసరం ముందు అది ఆనలేదు. సముద్రంలో కాకిరెట్ట.

మైపాడు_అల
మైపాడు బీచ్‌లో అన్నం తింటూ ఇది చదవాల్సి వచ్చింది, ధన్యవాదాలు.

ఒంగోలు_గిత్త
డెడ్ హార్స్‌కి సరైన ఉదాహరణ నేను చెప్తా. ప్రత్యేక హోదా అడగడం.

డెస్క్_రాత్రి
ఇదిగో, ఈ జాతీయంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. 2014లో రాజ్యసభలో మాట ఇచ్చారు, 2016లో హోదా బదులు ప్యాకేజీ అన్నారు. వద్దనుకునేవాడు 'డెడ్ హార్స్' అంటాడు, కావాలనుకునేవాడు గుర్రం బతికే ఉందంటాడు. మాట వాడిన క్షణంలోనే వాడినవాడు ఒక పక్షం తీసుకున్నాడు. వార్తలో ఇది రిపోర్టరు సొంత గొంతుతో వస్తే డెస్క్‌లో కొట్టేస్తాం. ఎవరన్నారో వాళ్ళ పేరు పెట్టి, కోట్‌లో అయితే ఉంచుతాం.

వేదిక_నిర్వహణ
హోదా చర్చకి వేరే దారం ఉంది. ఇక్కడ గుర్రాలు, బాతులు, బొగ్గు వరకే.

ఒంగోలు_గిత్త
గమ్మున ఉంటాలే.

పెన్నా_గట్టు
తిరగరాసింది ఇది, చూడండి: "అవర్ ఈమెయిల్స్ ఆఫ్ ది డేట్స్ లిస్టెడ్ బిలో రిమెయిన్ అనాన్సర్డ్. ది లిఫ్ట్ హేజ్ బీన్ అవుట్ ఆఫ్ సర్వీస్ సిన్స్ ది డేట్ షోన్. అండర్ ది రెస్పాన్స్ క్లాజ్ ఆఫ్ అవర్ కాంట్రాక్ట్, ప్లీజ్ సెండ్ ఎ టెక్నీషియన్ బై ఫ్రైడే." కింద పట్టికలో తేదీలు, టికెట్ నంబర్లు. సామెత తీసేశాం. అదిరింది అన్నాయన అలిగాడు.

కోర్టు_సెంటర్
ఫ్రైడే అంటే ఏ ఫ్రైడే? తేదీ వేయండి. శుక్రవారం దాకా రాకపోతే ఏం చేస్తారో కూడా లేదు. "ఫెయిలింగ్ విచ్ వి విల్ అప్రోచ్ ది కన్‌జ్యూమర్ కమిషన్" అని కలపండి. మిగతాది బాగుంది.

కావలి_మాస్టారు
అలిగినాయనకి చెప్పండి, ఆ వాక్యం సంఘం మీటింగులో పనికొస్తుంది. పార్కింగ్ కేటాయింపు ఓటింగు అయిపోయాక కూడా ప్రతి నెలా అదే ఎత్తే మనిషి ప్రతి అపార్ట్‌మెంటులో ఒకరుంటారు. ఆయనతో "లెట్స్ నాట్ ఫ్లాగ్ ఎ డెడ్ హార్స్" అనొచ్చు. 'లెట్స్' అని మనల్నీ కలుపుకుంటే కాస్త మెత్తగా ఉంటుంది. 'యు ఆర్' అంటే గొడవే.

డీఎస్సీ_బిట్టు
రెండు డౌట్లు మిగిలినయి. వైల్డ్ గూస్ మధ్య హైఫన్ ఉండాలా? సిసిఫియన్, హెర్క్యులియన్ రెండూ ఆప్షన్లలో ఇస్తే?

డెస్క్_రాత్రి
హైఫన్: బ్రిటిష్ నిఘంటువులు ఎక్కువగా లేకుండా, అమెరికన్ మెరియమ్ వెబ్‌స్టర్ వైల్డ్‌కీ గూస్‌కీ మధ్య పెడుతుంది. గూస్‌కీ చేజ్‌కీ మధ్య మాత్రం ఎవరూ పెట్టరు. ఒకే పేపర్లో రెండు రకాలు రాయకు, అంతే.

కావలి_మాస్టారు
హెర్క్యులియన్ అంటే మహా కష్టమైన పని, కానీ అవుతుంది. హెర్క్యులిస్ ఒప్పుకున్న పనులన్నీ పూర్తి చేశాడు. సిసిఫస్ బండని కొండ మీదికి దొర్లిస్తాడు, పైకి చేరే వేళకి కిందికి జారుతుంది, మళ్ళీ మొదలు. అందుకని ప్రశ్నలో 'ఎండ్‌లెస్', 'ఫ్యూటైల్' కనపడితే సిసిఫియన్. 'గ్రేట్ స్ట్రెంగ్త్' కనపడితే హెర్క్యులియన్. డిస్క్రిప్టివ్‌లో రాసేటప్పుడు రెండిటికీ మొదటి అక్షరం పెద్దది వేస్తే ఎవరూ తప్పు పట్టరు.

డీఎస్సీ_బిట్టు
మరి 'బీట్ ఎ డెడ్ హార్స్', 'బీట్ అబౌట్ ది బుష్' పక్కపక్కన ఇస్తే?

పులికాట్_కొంగ
బుష్ చుట్టూ తిరిగేవాడు అసలు సంగతికి ఇంకా రాలేదు. గుర్రం కొట్టేవాడు అసలు సంగతి అయిపోయాక కూడా పోలేదు. 'అవాయిడింగ్ ది మెయిన్ టాపిక్' అని ఆప్షన్ ఉంటే బుష్‌కి పెట్టు.